ప్లాస్టికులో కలుపు సరకులు, మన సంఘపు కొనుగోళ్లు

మన సహకార సంఘముల గిడ్డంగులలో ఎఱువు బస్తాల ప్రక్కనే నేడు ప్లాస్టికు సామగ్రి కుప్పలుగా నుండుట సభ్యు లందఱు నెఱిగినదే. బిందు సేద్యపు గొట్టములు, మిరపకును టమాటకును పఱచు మల్చింగు షీట్లు, ధాన్యము ఆరబోయుటకు టార్పాలిను పట్టాలు, నారుమళ్లకు నీడ వలలు, తుదకు యూరియా వచ్చు సంచియు ప్లాస్టికే. ఇంత సొమ్ము దీనిపై వ్యయమగుచుండగా, కొనునప్పుడు మనము వేయు ప్రశ్నలు రెండే. మంద మెంత? కిలో యెంత? మూడవ ప్రశ్న యొకటి యున్నది: ఇందులో ఏమి కలిపినారు? ఈ ప్రశ్నను ఒక్కొక్క రైతు అంగడి ముందు నిలిచి యడిగిన ప్రయోజనము స్వల్పము. సంఘము అడిగినచో జవాబు వచ్చి తీరును. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన దిదియే.

ఇప్పుడే యేల చెప్పవలసివచ్చిన దనగా, 2021లో నానో యూరియా సీసాలు వచ్చినది మొదలు "నానో" అను మాట పల్లెలలో బాగుగా ప్రచారమైనది. ఆ మాటను ప్లాస్టికు వర్తకులును పట్టుకొన్నారు. నానో షీటు, నానో గొట్టము, నానో పట్టా అని చెప్పి, మందము తగ్గినను బలము తగ్గదని నమ్మబలుకుచున్నారు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఎంత సత్యమో తెలిసికొనకయే సొమ్ము చెల్లించుట తగదు.

మనము చేలలో వాడు ప్లాస్టికులో ఎక్కువ భాగము పాలిథీను, పాలిప్రొపిలీను అను రెండు జాతులకు చెందినది. ఈ కుటుంబమునకు పాలియొలిఫినులని పేరు. కొవ్వొత్తి మైనమువలెనే ఇవియు కర్బనము, ఉదజని తప్ప వేఱేమియు లేని పదార్థములు. మైనములో గొలుసులు పొట్టివి, ఇందులో మిక్కిలి పొడవైనవి, అంతియే భేదము. పాలిథీనును 1933లో ఇంగ్లండులోని విన్నింగ్టన్ ప్రయోగశాలలో కనుగొనిరి. 1953లో జర్మనీలో జీగ్లరు గట్టిరకపు పాలిథీనును తేలికగా చేయు మార్గము కనిపెట్టెను. మఱుసటి యేడు ఇటలీలో నట్టా పాలిప్రొపిలీనును తయారుచేసెను. వా రిద్దఱికిని 1963లో నోబెలు బహుమానము లభించినది. చవుక, తేలిక, నీటికి నానదు, ఎఱువు మందులకు చెక్కుచెదరదు. ఇన్ని గుణములుండియు దీనికి పెద్ద శత్రు వొకటి గలదు. అది మన యెండ. ఎండలోని అతినీలలోహిత కిరణములు పొడవైన గొలుసులను త్రెంచును. గాలిలోని ప్రాణవాయువు ఆ త్రెగిన చోట జొరబడి మఱింత త్రెంచును. రెండింటిలో పాలిప్రొపిలీను మఱింత సుకుమారము. ఖాళీ యూరియా సంచిని దడికి కట్టి కొన్ని నెలలు విడిచినచో చేతితో ముట్టగనే పీచు పీచుగా రాలుట మీలో చూడనివా రుండరు. కావున శుద్ధమైన ప్లాస్టికును చేనిలో నెవ్వరును వాడరు. దానిలో నేదో యొకటి కలిపియే తీరవలెను. ఆ కలుపు సరకు మేలైనదా, కల్తీయా యనునదే అసలు విషయము.

మేలైన కలుపు సరకులలో మొదట చెప్పదగినది మసి. డ్రిప్పు గొట్టము నల్లగా నుండుట అందమునకు గాదు. కార్బన్ బ్లాక్ అను ఆ మసి యెండను తానే మ్రింగి గొలుసులను కాపాడును. మన యిండ్లలో ప్రమిదపై మూకుడు బోర్లించి పట్టు కాటుకకు ఇది దగ్గఱి చుట్టము. దీని రేణువు ఒక్కొక్కటి సుమారు ఇరువది నానోమీటర్లు. నానోమీట రనగా మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అం దొక భాగము. అనగా నేడు క్రొత్తగా వచ్చినదని చెప్పుచున్న నానో పదార్థము మన చేలలోని నల్ల గొట్టములలో ఏనాటినుండియో యున్నది! అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు 1950 ప్రాంతముననే టెలిఫోను తీగల తొడుగులకు ఈ మసిని కలిపి, ఎండవానలలో నుంచి పరీక్షించిరి. వారు చూపిన దేమనగా, మసి కొలది కొద్దిగానే కావలెను, రేణువు మిక్కిలి సన్నముగా నుండవలెను, ఉండలు కట్టక అంతటను సమముగా కలియవలెను. నీటి సరఫరాకు వాడు హెచ్.డి.పి.ఇ. గొట్టములకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 4984 ఈ మసిని నూటికి రెండున్నర పాళ్లు, అటు ఇటుగా అరపాలు ఉండవలెనని నిర్ణయించినది. పాలు సరిపోయినంత మాత్రమున చాలదు. సమముగా కలిసినదా లేదా యని చూచు పరీక్షయు వేఱుగా నున్నది. అంబలిలో పిండి ఉండలు కట్టినచోట లోపల పచ్చిగా నుండునట్లే, మసి ఉండ కట్టిన చోట గొట్టము బలహీనమై అక్కడనే చిట్లును. రంగునకు మాత్రమే నల్లగా నుండు ముతక పొడి కలిపినను గొట్టము నల్లగానే కనబడును. మూడవ వేసవికి గుట్టు బయటపడును. పైన పటారము, లోన లొటారము.

ఇక రెండవది సుద్ద. సున్నపురాతి పొడిని ప్లాస్టికులో కలుపుట సర్వత్ర దోషము గాదు; ఈ మాట న్యాయముగా చెప్పవలెను. సంచులు నేయు పాలిప్రొపిలీను పట్టీలు నిలువున చీలిపోకుండుటకై కొద్దిగా సుద్ద కలుపుట మంచి కర్మాగారములలో వాడుకయే. మిక్కిలి సన్నని సుద్దను పైపూతతో సిద్ధపఱచి కలిపినచో పాలిప్రొపిలీను దెబ్బకు పగులుట తగ్గును. కాని గొట్టమును కిలోల లెక్కన అమ్ముచోట సుద్ద వేఱు పని చేయుచున్నది. సుద్ద ప్లాస్టికుకంటె చాల చవుక, సుమారు మూడురెట్లు బరువు. నూటికి ఇరువది పాళ్లు సుద్ద కలిపిన మెత్తని పాలిథీను గొట్టమును కిలోల లెక్కన కొన్నచో, వంద మీటర్లు రావలసినచోట సుమారు ఎనుబదియేడు మీటర్లే వచ్చును. రైతు సుద్దకు ప్లాస్టికు ధర చెల్లించుటయే గాక పొడవును గూడ నష్టపోవును. అంతటితో పోదు. అట్టి గొట్టము మడతవేసిన చోట తెల్లబడి పగులును. చిల్లు పొడిచి బిగించిన డ్రిప్పరు నిలువదు. నేను తిరుగు గ్రామములలో రెండు వేసవులకే పగుళ్లు వాఱి, నీరు చుక్క చుక్కగా గాక చిమ్ముచు పోవు గొట్టములను పలుమాఱులు చూచుచున్నాను. రైతు దానికి ఎలుకలను నిందించుచుండును. ఎలుకలును కొఱుకును, నిజమే; ఎలుక కొఱికిన గుర్తు వేఱు, నిలువున వాఱిన పగులు వేఱు.

దీనికి ఇంటనే చేయదగిన పరీక్ష యొకటి గలదు. గొట్టమునుండి వేలెడు ముక్క కోసి, నిలువున చీల్చి చదునుచేసి, బకెట్టు నీటిలో ముంచి, అంటుకొన్న గాలి బుడగలను వ్రేలితో తుడిచి విడువవలెను. పాలిథీను, పాలిప్రొపిలీను నీటికంటె తేలిక; మసి తగినంత కలిసినను తేలును. మెత్తని పాలిథీనులో సుద్ద సుమారు నూటికి పదిపాళ్లు దాటినచో ముక్క మునుగును. గట్టిరకమైన హెచ్.డి.పి.ఇ. అయినచో ఆఱుపాళ్లకే మునుగును. పి.వి.సి. గొట్టము స్వభావముననే మునుగును గనుక ఈ పరీక్ష దానికి పనికిరాదు. మునిగినది పనికిమాలినదని నిశ్చయముగా చెప్పవచ్చును. తేలినంత మాత్రమున మంచిదని మాత్రము చెప్పరాదు. మసి సరిగా లేని గొట్టము గూడ తేలును.

మల్చింగు షీటుకు తూకమే పరీక్ష. ఇరువదియైదు మైక్రానులు, అనగా మన యంగళ్లలో చెప్పు 100 గేజి షీటు, మీటరుంబావు కంటె కొంచెము తక్కువగా 1.2 మీటరు వెడల్పు, 400 మీటర్ల పొడవు గలది లోపలి గొట్టము గాక సుమారు పదునొకండు కిలోలు తూగవలెను. వెండిరంగు, తెలుపురంగు కలిపిన షీటు కొంత ఎక్కువ తూగును. చాల తక్కువ తూగినచో మందములో మోసము. మిక్కిలి ఎక్కువ తూగినచో సుద్ద అనుమానింపవలెను. సంఘపు త్రాసు మీద ప్రతి చుట్టను తూచుటకు ఎంత సేపు పట్టును?

ఇప్పుడు నానో బంకమట్టి సంగతికి వచ్చెదను. దీనిని గుఱించి కొంచెము విస్తరించి వ్రాయుట అవసరము. ఏలయనగా నానో షీటని అమ్మబడువానిలో ఎక్కువగా చెప్పు పదార్థమిది, మఱియు దీని స్వభావము నల్లరేగడి దున్నిన రైతునకు పుస్తకము చదివినవానికంటె బాగుగా తెలియును.

రేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు బీటలు వాఱును. కారణ మేమి? ఆ మన్నులో మాంట్‌మొరిలొనైటు అను జాతి బంకమట్టి విశేషముగా నున్నది. అది పుస్తకపు పుటలవలె పొరలు పొరలుగా నుండును. ఒక్కొక్క పొర మందము ఒక నానోమీటరే. వెడల్పు మాత్రము దానికి వంద రెట్లు, అంతకు మించియు నుండును. పొరల నడుమకు నీరు జొరబడగా నేల ఉబ్బును. నీరు పోగా ముడుచుకొని బీటలు వాఱును. ఈ జాతి మట్టినే శుద్ధిచేసి, పొరల నడుమకు నీటికి బదులు ప్లాస్టికును జొప్పించినచో, పొరలు విడిపోయి ప్లాస్టికంతట వ్యాపించును. అప్పుడు నూటికి రెండుమొదలు అయిదుపాళ్లు మట్టితోనే ప్లాస్టికు బిగువెక్కును. ముతక పొడితో అదే బిగువు రావలెనన్న ఇరువది, ముప్పది పాళ్లు కావలసియుండును. వాయువులు దాటిపోవుటయు తగ్గును. అడ్డుగట్లు వేసిన చేనిలో నీరు చుట్టు తిరిగి పోవునట్లు, గాలియు పొరలను చుట్టి చుట్టి పోవలసివచ్చును గదా! 1980 దశకము చివర జపానులో టయోటా సంస్థవారి పరిశోధనశాల నైలానులో దీనిని మొదట సాధించినది.

నైలానులో సులభమైనది పాలియొలిఫినులలో కష్టమైనది. నైలాను కొంత నీటితో పొత్తుగలది. బంకమట్టి నీటికి చుట్టము. పాలిథీను, పాలిప్రొపిలీను నూనె జాతివి. నూనెను నీటితో కలిపినచో కలియునా? తలంటినప్పుడు నూనె వదలుటకు కుంకుడు రసము కావలెను, ఒక చేతితో నూనెను, ఒక చేతితో నీటిని పట్టుకొనునట్టిది. అట్లే ఇక్కడను మధ్యవర్తి కావలెను. మట్టి పొరలకు ముందుగా నూనె స్వభావముగల లవణమును పట్టించి, మలీయిక్ అన్‌హైడ్రైడు అను పదార్థమును అంటుకట్టిన పాలిప్రొపిలీనునో పాలిథీనునో కొంత చేర్చి, వేడి మరలో బాగుగా పిసికినప్పుడే పొరలు విడిపోవును. ఈ ఖర్చు పెట్టక, మట్టిని గుమ్మరించి మరలో త్రిప్పినచో ఏమగును? పొరలు విడువక కట్టలు కట్టలుగానే యుండును. అది నానో కాదు, సుద్దకు తోబుట్టువు. సంచిమీద నానో యని అచ్చువేసినంత మాత్రమున లోపల నానో యగునా?

సక్రమముగా చేసినచో ఫలించిన దనుటకు నిదర్శనము గలదు. 2002లో అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థవారు కొన్ని వ్యానులకు ఎక్కుడు మెట్లను ఇట్టి నానోమట్టి చేర్చిన పాలియొలిఫినుతో చేసి అమ్మిరి. అయితే కారు మెట్టునకు నప్పినది చేని షీటుకు నప్పునని యెంచరాదు. ఇచ్చటనే రైతు జాగ్రత్తపడవలసిన సంగతి గలదు. బంకమట్టి చేర్చిన పాలిథీను, పాలిప్రొపిలీను, తగిన రక్షణ లేనప్పుడు ఉత్త ప్లాస్టికుకంటె శీఘ్రముగా ఎండకు చివుకునని పలు ప్రయోగములు చూపినవి. మట్టిలో సహజముగానుండు ఇనుప అంశ, మట్టికి పట్టించిన లవణము వేడికి విఱిగి యిచ్చు పదార్థములు, ఇవి గొలుసులు త్రెగుటను త్వరపఱచును. ఎండ నిరోధకమని, మన వర్తకుల మాటలో యు.వి. యని కలుపు మందును గూడ మట్టి తనలోనికి పీల్చుకొని దాని పని చెఱచును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును. చీకటి గిడ్డంగిలో నుండు డబ్బాకు బిగువే ప్రధానము. అనంతపురము చేనిలో వైశాఖ మాసపు టెండకు పఱచు షీటుకు చివుకకుండుటయే ప్రధానము. ఒక గుణము పెంచి యింకొక గుణమును చంపు సరకు మనకెందుకు?

టైటానియం డయాక్సైడు సంగతియు నట్టిదే. దీనికి రూటైలు, అనటేసు అను రెండు స్ఫటిక రూపములు మార్కెట్టున దొఱకును. పైపూత వేసిన రూటైలు ఎండను అడ్డుకొని ప్లాస్టికును కాచును. పూతలేని అనటేసు ఎండ తగిలినప్పుడు ప్లాస్టికును తానే తినివేయును. రెండును తెల్లగానే యుండును, రెండును టైటానియమే. పేరు విని సరకు కొనుట ఎంత ప్రమాదమో దీనివలన తేటపడగలదు.

జాతికి జాతిని కలుపుటనుగుఱించి క్లుప్తముగా చెప్పెదను. మెత్తని పాలిథీనులో రెండు విధములు గలవు. కొమ్మలు గలది షీటు ఊదుటకు అనువైనది, కొమ్మలు తక్కువైనది చినుగుటకు పొడుచుటకు ఓర్చునది. రెండింటిని కలిపి చేసిన షీటు మంచి షీటు. పాలీహౌసు కప్పునకు వాడు పాలిథీనులో వినైలు ఎసిటేటు గల రకమును కలిపినచో రాత్రి వేడి త్వరగా పోదు. ఇవి మేలైన పొత్తులు. కాని పాత పాలిథీనును, పాత పాలిప్రొపిలీనును ఏఱివేయక ఒకే మరలో కరగించి చేసిన గొట్టములు, పట్టాలు చవుకగా దొఱకుచున్నవే, వాని సంగతి వేఱు. ఈ రెండు జాతులు ఒకే కుటుంబమువైనను కరగినప్పుడు నిజముగా కలియవు. చల్లాఱిన పిమ్మట ఒకదాని నొకటి పట్టుకొనవు, లాగినచో ఆ సందుననే విడిపోవును. 2017లో అమెరికాలో కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఈ రెండు జాతుల ముక్కలను మార్చి మార్చి అతికిన గొలుసు నొకదానిని తయారుచేసి, నూటికి ఒక పాలు చేర్చినంతనే ఆ పెళుసు మిశ్రమము గట్టిపడునని చూపిరి. ఇదియు కుంకుడు రసము వంటిదే. మన పట్టణపు శివార్లలో చిత్తుసరకు కరగించు కొట్లలో అట్టిది వాడుదురని నే ననుకొనను. పాత ప్లాస్టికును తిరిగి వాడుట మంచి పనియే. నీటి తొట్లకు, దడి స్తంభములకు వాడవచ్చును. ఒత్తిడిలో నీరు పోవు గొట్టమునకు మాత్రము తగదు.

మందము తగ్గించుటనుగుఱించి నాకు మఱియొక శంక గలదు. నానో చేర్చినందున పదునైదు మైక్రానుల షీటు ఇరువదియైదు మైక్రానుల షీటుతో సమానమని చెప్పుదురు. పంట కాలమంతయు నిలిచిన దనుకొందము. కోత పిమ్మట దానిని నేలనుండి చినుగకుండ పెఱికి తీయగలమా? తీయలేనిచో ముక్కలు మన్నులోనే మిగులును. నాగలికి చుట్టుకొనును, వేళ్లకు అడ్డపడును, ఏటేట పెరుగును. చీనా దేశమున ఎనిమిది మైక్రానుల పలుచని షీట్లు వాడి, జిన్జియాంగు పత్తిచేలలో ఈ ముక్కలు పేరుకొనగా, 2017లో ఆ ప్రభుత్వము తన ప్రమాణమును మార్చి కనీసము పది మైక్రానులు ఉండవలెనని నిర్ణయించినది. పిల్లలకు పంచి యిచ్చు భూమిలో ఆ ముక్కలను గూడ పంచియిచ్చుట యెందుకు? షీటు బలమును నేలపై పఱచునాడు గాక, పెఱికి తీయునాడు చూడవలెనని నా మతము.

సంఘము ప్రయోగశాల కాదు గదా యని కొందఱు సభ్యులు నాతో ననిరి. సంఘము విత్తనశాలయు కాదు. అయినను మొలక శాతము వ్రాయని విత్తనపు సంచిని మనము దింపించుకొనుచున్నామా? గొట్టమునకును అట్టి చీటీ కోరవలెను. సభ్యుల యవసరములన్నియు ముందుగా జాబితా వేసి, ఒకే ఆర్డరు పెట్టునప్పుడు షరతులు వ్రాతమూలముగా నుండవలెను. డ్రిప్పు లేటరలు గొట్టమైనచో ఐ.ఎస్. 12786, లోపలనే డ్రిప్పరు అమర్చినదైనచో ఐ.ఎస్. 13488, టార్పాలిను పట్టా అయినచో ఐ.ఎస్. 7903 గుర్తు ఉండవలెను. ధర మీటరు లెక్కనగాని కిలో లెక్కన కాదు. షీటుకు, పట్టాకు ఎండలో ఎన్ని నెలలు నిలుచునో అమ్మువాడు సంతకము చేసి చెప్పవలెను. సరకు దిగిననాడే సభ్యుల యెదుట ఒక మూర కోసి, సీలు వేసి, కార్యాలయపు పెట్టెలో దాచవలెను. అంతే ముక్కను సిపెట్ వంటి ప్రభుత్వ సంస్థకు పంపి మసి పాలు, బూడిద పాలు పరీక్షింపించవలెను. హైదరాబాదునను విజయవాడయందును ఆ సంస్థ శాఖలున్నవి. ఒక్క రైతునకు ఆ రుసుము భారము. సంఘమునకు గొట్టము మీద మీటరుకు పైసల లెక్క.

నానో అని వచ్చు సరకునకు తలుపు మూయుమని నే ననను. ఒక సభ్యుని చేనిలో రెండు సాళ్లు పాత రకము, రెండు సాళ్లు క్రొత్తది పఱచి, ఒక పంట కాలము చూచి, కోత పిమ్మట రెండింటిని పెఱికి చూచి నిర్ణయింతము. నిలిచినచో సంతోషముగా కొందము. ఏ పదార్థము, ఎంత పాలు, ఎండ నిరోధక మేది యని అడిగినప్పుడు జవాబు చెప్పలేని యమ్మకందారుని సరకును ఆ రెండు సాళ్లకును తీసికొనరాదు.

అప్పు సంగతి కష్టమైనదే. పట్టణపు వర్తకుడు పంట వచ్చువఱకు ఆగును, సంఘము ఆగదని చిన్న రైతులు చెప్పు మాట నిజము. గొట్టముల కొనుగోలును గూడ పంట రుణములో చేర్చి, వాయిదా పంటమీద వసూలు చేయు నేర్పాటు కార్యవర్గము చేయనిదే పైని వ్రాసిన షరతులన్నియు పెద్ద కమతము గలవారికి మాత్రమే ఉపయోగపడును. ఈ యంశమును వేసవి ఆర్డరులకు ముందు జరుగు సమావేశపు కార్యక్రమములో చేర్పించవలసినదని సభ్యులను కోరుచున్నాను. ఆ దినమున అయిదు వేసవులు దాటినను చెడని గొట్టము గలవారు, రెండేండ్లకే పగిలిన గొట్టము గలవారు, జానెడు జానెడు ముక్క కోసి, కొన్న సంవత్సరము చీటీపై వ్రాసి కట్టి తీసికొనిరావలెను. బకెట్టు, త్రాసు కార్యాలయమున సిద్ధముగా నుండును.